ఆదివారం రాత్రి ఒక గంట జాజ్, నెల్లూరు నుంచి: సలహాలు కావాలి

పెన్నాగట్టు (నెల్లూరు)
అందరికీ నమస్కారం. ఇక్కడ ఒక కాలేజీ వాళ్ల కమ్యూనిటీ రేడియోలో ఆదివారం రాత్రి తొమ్మిది నుంచి పది దాకా టైమ్ ఖాళీగా ఉందట. జాజ్ వేసుకుంటారా అని అడిగారు. ఆలోచించకుండా సరే అనేశాను. ఇప్పుడు టెన్షన్ పట్టుకుంది.

సరుకుకైతే లోటు లేదు. ఎల్పీలు (నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే వినైల్ రికార్డులు) ఎక్కువగా మద్రాసులో కొన్నవే. 1985లో పాత మూర్ మార్కెట్ కాలిపోయాక ఆ కొట్లన్నీ సెంట్రల్ పక్కనే కొత్త కాంప్లెక్సులోకి మారాయి కదా, అక్కడ. 78 స్పీడు ప్లేట్లు (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలపు రికార్డులు) మాత్రం మన బిట్రగుంటవే. స్టీమ్ ఇంజన్ల రోజుల్లో రైల్వే కాలనీలో ఉన్న ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఊరు విడిచి వెళ్తూ వదిలేసినవి, చేతులు మారి మారి నా దాకా వచ్చాయి. వాటిలో డాన్స్ బ్యాండ్లే ఎక్కువ, కానీ అసలైన జాజ్ కూడా ఉంది.

అడగాల్సింది ఏమిటంటే, స్టేషన్ చూసుకునే ఆయన ప్రతి పాట ముందూ తెలుగులో వివరంగా చెప్పమంటున్నారు. లేకపోతే ఎవరూ వినరట. నాకేమో తక్కువ మాట్లాడి ఎక్కువ వినిపించాలని ఉంది. మీరేమంటారు? ఇంకోటి, ఈ ప్లేట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించే పద్ధతి తెలిసినవాళ్లు చెప్పండి. కాపీరైట్ గొడవ ఏమైనా ఉంటే అదీ చెప్పండి.

షార్ట్‌వేవ్ తాత (ఒంగోలు)
పెన్నాగట్టు గారూ, మీకు రావాల్సిన సలహా 1955లోనే వచ్చేసింది. ఆ ఏడాది జనవరిలో వాయిస్ ఆఫ్ అమెరికాలో విల్లిస్ కోనోవర్ జాజ్ ప్రోగ్రాం మొదలుపెట్టాడు. డ్యూక్ ఎల్లింగ్టన్ బ్యాండ్ వాయించే 'టేక్ ద ఎ ట్రెయిన్' మొదలైతే చాలు, నేను పుస్తకం మూసేసేవాణ్ణి. వాల్వుల రేడియో, డాబా మీద నుంచి లాగిన రాగి తీగ ఏరియల్. ముల్లు వెంట్రుకవాసి పక్కకు జరిగితే పెకింగ్ రేడియో మీద పడేది. సాక్సోఫోన్ సోలో మొదట్లో బ్రహ్మాండంగా వినిపించి, మధ్యలో మునిగిపోయి, మళ్లీ డ్రమ్ముల దగ్గర తేలేది. కొన్ని పాటలు పూర్తిగా ఎలా ఉంటాయో నాకు క్యాసెట్లు వచ్చాకే తెలిసింది.

ఆ మనిషి ఎట్లా మాట్లాడేవాడో వినాలి. ఒక్కో మాటా విడదీసి, లోగొంతుతో, నిదానంగా. వినేవాళ్లలో చాలామందికి ఇంగ్లీషు సొంత భాష కాదని ఆయనకు తెలుసు. ఇంటర్ ఇంగ్లీషులో తప్పిన నాకు కూడా ప్రతి మాటా అర్థమయ్యేది. బ్యాండు పేరు, ఎవరు ఏ వాద్యం, ఏ సంవత్సరం. అంతే, ప్లేటు తిరిగేది. జాజ్ అంటే ఏమిటో ఆయన ఏనాడూ పాఠం చెప్పలేదు.

తమాషా ఏమిటంటే అమెరికాలో ఆయన్ను ఎరిగినవాళ్లు తక్కువ. ప్రభుత్వం విదేశాల కోసం నడిపే రేడియోను సొంత జనానికి వినిపించకూడదని 1948లోనే వాళ్లు చట్టం చేసుకున్నారు. 1996లో ఆయన పోతే మాస్కోలో, వార్సాలో ఏడ్చినవాళ్లున్నారు, వాషింగ్టన్‌లో తక్కువ. కాబట్టి నా మాట వినండి. పేరు, వాద్యం, సంవత్సరం. తర్వాత మైకు కట్టేయండి.

కావలి కుర్రోడు
తాతగారూ, కోపం తెచ్చుకోవద్దు. మీకప్పుడు ఇంకో దారి లేదు కాబట్టి చెవి నొక్కిపెట్టి విన్నారు. ఇప్పుడు ఫోన్ తీస్తే ప్రపంచంలోని జాజ్ అంతా ఉంది. అయినా ఎవరూ వినట్లేదు, ఎందుకంటే ఎక్కడ మొదలుపెట్టాలో ఎవరూ చెప్పట్లేదు. నేను కాలేజీలో ఉన్నప్పుడు ఏదో యాప్‌లో జాజ్ అని కొడితే కాఫీ షాపులో వేసే మ్యూజిక్ వచ్చింది. జాజ్ అంటే ఇదేనేమో అనుకుని వదిలేశాను. పెన్నాగట్టు అన్న నోరు విప్పితేనే మాలాంటోళ్లకు ఉపయోగం.

'టేక్ ఫైవ్'తో మొదలుపెట్టన్నా. యాడ్స్‌లో విని విని అందరికీ చెవిన పడిందే.

మృదంగం మాస్టారు (కందుకూరు)
కుర్రోడు మంచి పాట చెప్పాడు. డేవ్ బ్రూబెక్ క్వార్టెట్ 1959లో వాయించింది, కట్టింది వాళ్లలోనే సాక్సోఫోన్ వాయించే పాల్ డెస్మండ్. ఐదు అక్షరాల లెక్క. మనవాళ్లు వినగానే ఖండచాపు అంటారు. కానీ చేత్తో వేసి చూడండి, తేడా తెలుస్తుంది. మన ఖండచాపు రెండు, మూడు: తక తకిట. 'టేక్ ఫైవ్'లో పియానో వేసే లెక్క మూడు, రెండు: తకిట తక. మా పిల్లలకు ఒకసారి ఆ రికార్డు పెట్టి చాపు వేయమంటే, రెండో ఆవర్తానికే చేయి ఒక చోట, పియానో ఇంకో చోట పడ్డాయి. ఒకమ్మాయి మాత్రం కళ్లు మూసుకుని, మూడు దగ్గర మొదలుపెట్టి సరిగ్గా పట్టుకుంది. ఇలాంటిది ఒక్కటి చెప్పి పాట వేస్తే వినేవాడి చేయి ఊరుకోదు.

ఈ బ్రూబెక్ బృందం 1958లో అమెరికా ప్రభుత్వం పంపితే మన దేశమంతా తిరిగింది, మద్రాసుకూ వచ్చింది. మన వాద్యకారులతో కూర్చుని వాయించారు. తిరిగి వెళ్లాక ఆ ప్రయాణం మీదే ఒక ఎల్పీ చేశారు, అందులో 'కలకత్తా బ్లూస్' అని ఒకటుంటుంది. ఎల్లింగ్టన్ కూడా 1963లో తన బ్యాండు మొత్తాన్నీ వేసుకుని హైదరాబాదు, బెంగళూరు, మద్రాసు తిరిగి వెళ్లాడు. మన ఊరి మీదుగా పోయే రైలు దూరంలోనే ఇదంతా జరిగింది. ఇవి చెప్పకుండా పేరు, వాద్యం, సంవత్సరం అని ఊరుకుంటే ఎట్లా తాతగారూ?

పెన్నాగట్టు (నెల్లూరు)
మాస్టారూ, తకిట తక ముక్క తీసుకుంటున్నాను, మీ పేరు చెప్పే వేస్తాను.

ఈలోగా పని మొదలైంది. బిట్రగుంట ప్లేట్లలో ఒకటి టెడ్డీ వెదర్‌ఫర్డ్ బ్యాండుది. చికాగోలో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌తో ఒకే ఆర్కెస్ట్రాలో పియానో వాయించిన మనిషి. 1926లో ఆసియాకు వచ్చేసి, షాంఘై, బొంబాయి తిరిగి, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో కలకత్తా గ్రాండ్ హోటల్లో స్థిరపడ్డాడు. 1945లో అక్కడే పోయాడు. కలకత్తాలో రికార్డు చేసి, డమ్‌డమ్ ఫ్యాక్టరీలో ముద్రించిన ప్లేటు ఇది. లేబుల్ మీద ఎవరో ఇంకు పెన్నుతో క్రాస్ గుర్తు వేసి, పక్కన 'ఇన్‌స్టిట్యూట్' అని రాశారు. రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో డాన్సులకు తీసుకెళ్లేవాళ్లేమో. గాడి నిండా బూజు, తెల్లగా చారలు. ఎల్పీలకు వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, డిస్టిల్డ్ వాటర్ కలిపి తుడుద్దామని సీసా తీసి పెట్టుకున్నాను.

78 ప్లేటు (మార్కాపురం)
సీసా మూత పెట్టండి సార్! 78 ప్లేటుకు ఆల్కహాల్ తగలకూడదు. అది వినైల్ కాదు, లక్క. లక్క పురుగు నుంచి తీసిన షెల్లాక్‌లో రాతిపొడి, మసి కలిపి పోత పోసింది. వడ్రంగులు పాలిష్ కోసం లక్కను కరిగించేదే స్పిరిట్‌లో. మీరు తుడిస్తే గాడితో పాటు వెదర్‌ఫర్డ్ కూడా గుడ్డకు అంటుకుని వచ్చేస్తాడు.

డిస్టిల్డ్ వాటర్‌లో రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ వేయండి. లేబుల్ తడవకుండా మెత్తటి బ్రష్‌తో గాడి వెంబడే గుండ్రంగా తిప్పండి. అడ్డంగా వద్దు. తర్వాత మామూలు డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, నీడలో నిలబెట్టి ఆరబెట్టండి. ఎండలో పెట్టొద్దు, మన రోహిణి కార్తె ఎండకు ఎల్పీ అయితే అప్పడంలా లేస్తుంది. నిలువ ఉంచేటప్పుడు కూడా ఒకదానిమీద ఒకటి పేర్చకండి, పుస్తకాల్లా నిలబెట్టండి. గోడకు ఆనించిన బీరువా అయితే చెదలు చూసుకోండి, కవర్లతోనే మొదలుపెడతాయి.

ముల్లు కూడా మార్చాలి. ఎల్పీ ముల్లు 18 నుంచి 25 మైక్రాన్లు, 78 గాడికి 75 మైక్రాన్ల ముల్లు కావాలి. సన్నముల్లు గాడి అడుగున దొర్లుతూ చెత్తనంతా వినిపిస్తుంది. వెడల్పు ముల్లు పెడితే అదే ప్లేటులో ట్రంపెట్ బయటికి వస్తుంది.

(రాతిపొడిలో పలకరాయి పొడి కూడా కలిపేవాళ్లు. మార్కాపురం పలక మీద జాజ్ అని మేం చెప్పుకోవచ్చు, అడిగేవాళ్లు లేరు.)

గెలాక్సీ (చీమకుర్తి)
ఇంతకీ మీ టర్న్‌టేబుల్ ఏది? అమెరికా నుంచి తెప్పించిందా?

పెన్నాగట్టు (నెల్లూరు)
అవును, మా బావమరిది తెచ్చిన పాత బెల్ట్ డ్రైవ్. 110 వోల్టులది, ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వాడుతున్నా. ఎందుకో ఆర్మ్‌స్ట్రాంగ్ గొంతు మరీ బొంగురుగా ఉంది, ఎల్పీ పాతదనుకుంటున్నా.

గెలాక్సీ (చీమకుర్తి)
గొంతు బొంగురు ఆయన తెచ్చుకున్నదే, కానీ అంత కాదు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీ మారుస్తుంది, ఫ్రీక్వెన్సీ మార్చదు. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. ఆ కాలపు సింక్రోనస్ మోటారు కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి తిరుగుతుంది. మీది ఆరో వంతు తక్కువ తిరుగుతోంది. అంటే 33⅓ బదులు 27.8. శ్రుతి దాదాపు మూడు స్వరస్థానాలు కిందికి దిగిపోయి ఉంటుంది.

స్ట్రోబ్ డిస్క్ (స్పీడు చూసుకునే గీతల చక్రం) ప్రింటు తీసి, టర్న్‌టేబుల్ మీద పెట్టి చూడండి. 50 హెర్ట్జ్ కరెంటుకు 33⅓ స్పీడులో 180 గీతలది, 78కి 77 గీతలది. పాత ట్యూబులైటు కింద పెడితే స్పీడు సరిగ్గా ఉన్నప్పుడు గీతలు నిలబడినట్టు కనిపిస్తాయి. మీ దాంట్లో వెనక్కి పరిగెడతాయి. ఎల్ఈడీ బల్బు కింద చాలాసార్లు ఏమీ తెలియదు. మందు ఏమిటంటే, మోటారు మీద బెల్టును తిప్పే పుల్లీ తీసి, 50 హెర్ట్జ్‌కు సరిపోయే పెద్దది వేయించడం. ఆ మోడల్‌కు యూరప్‌లో అమ్మిన పుల్లీ దొరకచ్చు. లేదా మంచి లేతు వర్కర్‌ను పట్టుకుంటే ఒంగోల్లోనే తీయించుకోవచ్చు.

కింద రాయి నేనిస్తాను. మా క్వారీ సరుకే, నల్లరాయిలో బంగారు చుక్కలు, 30 ఎంఎం మందం. సైజు కట్ చేయగా మిగిలిన ముక్కలు బోలెడు పడి ఉంటాయి. టర్న్‌టేబుల్ సైజు ముక్క పదమూడు, పద్నాలుగు కేజీలు తూగుతుంది. ఇంట్లో ఎవరు నడిచినా ముల్లు ఎగరదు.

78 ప్లేటు (మార్కాపురం)
రాయి ఒక్కటే పెడితే గంటలా మోగుతుంది. కింద రబ్బరు దిమ్మలు తప్పనిసరి.

గెలాక్సీ (చీమకుర్తి)
అది చెప్పకుండా ఎవరికైనా రాయి ఇస్తానా?

నిర్వాహకులు
ప్లేట్ల ధరలు, రాళ్ల ధరలు ఇక్కడ వద్దు, అమ్మకాల విభాగంలో మాట్లాడుకోండి.

లా పాయింటు (నెల్లూరు కోర్టు సెంటర్)
కాపీరైట్ సంగతి ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను చెప్తా. మన చట్టంలో సౌండ్ రికార్డింగ్ హక్కు, విడుదలైన ఏడాది తర్వాతి నుంచి 60 ఏళ్లు. అంటే 1964 దాకా విడుదలైన రికార్డింగులకు ఆ హక్కు అయిపోయింది. 1959లో వచ్చిన మైల్స్ డేవిస్ (ట్రంపెట్ వాద్యకారుడు) ఎల్పీ 'కైండ్ ఆఫ్ బ్లూ', 'టేక్ ఫైవ్' ఉన్న ఎల్పీ రెండూ ఇందులోకి వస్తాయి.

సంతోషించకండి, ఇది సగమే. స్వరాలు కట్టినవాడి హక్కు వేరే. ఆయన పోయిన తర్వాత 60 ఏళ్లు. సాక్సోఫోన్ వాయించే జాన్ కోల్ట్రేన్ 1967లో పోయాడు, ఆయన కట్టినవాటికి 2027 చివరి దాకా. డెస్మండ్ 1977, కాబట్టి 2037 దాకా. ఎల్లింగ్టన్‌కు 2034 దాకా. ఆ భాగానికి స్టేషన్ వాళ్లు రచయితల సొసైటీ నుంచి లైసెన్సు తీసుకున్నారో లేదో అడగండి. పాట రాయల్టీలు వాళ్ల బాధ్యతే, మీది కాదు, కానీ కాగితం ఉందని కళ్లతో చూడండి.

ఇంటర్నెట్‌లో మాత్రం పెట్టకండి. అక్కడ పెట్టగానే అమెరికా చట్టం కూడా తగులుకుంటుంది. 1923కు ముందు రికార్డులకే వాళ్లు 2022లో విముక్తి ఇచ్చారు, ఆ తర్వాతవి ఏడాదికొక ఏడాది చొప్పున వస్తున్నాయి. 1957 తర్వాతి జాజ్ అయితే 2067 దాకా అంతే సంగతులు.

ఇంకో మాట. కమ్యూనిటీ రేడియో నిబంధనల్లో ప్రసారాలు వీలైనంత వరకు స్థానిక భాషలో, యాసలో ఉండాలని ఉంది. సగమైనా స్థానికంగా తయారవ్వాలి. కాబట్టి తెలుగులో చెప్పమని స్టేషన్ ఆయన అడగడంలో న్యాయం ఉంది.

ఎడిసన్ నెల్లూరోడు (న్యూజెర్సీ)
ఈ చర్చలో మాట్లాడొద్దనే వర్గం, మాట్లాడమనే వర్గం తేలిపోయాయి కాబట్టి ఒక సంగతి చెప్తాను. న్యూయార్క్‌లో కొలంబియా యూనివర్సిటీ స్టేషన్ డబ్ల్యూకేసీఆర్‌లో ఫిల్ షాప్ అని ఒకాయన ఉండేవారు. 1981 నుంచి వారం రోజుల్లో పొద్దున పూట సాక్సోఫోన్ వాద్యకారుడు చార్లీ పార్కర్ ఒక్కడి మీదే ప్రోగ్రాం. 2021లో పోయే దాకా అదే పని. తాతగారు చెప్పిన కోనోవర్‌కు పూర్తిగా తలకిందులు. మూడు నిమిషాల పాటకు ఇరవై నిమిషాల ఉపోద్ఘాతం. ఆ రోజు స్టూడియోకు ఎవరు ఆలస్యంగా వచ్చారు, ఏ టేకులో ఎవరు తప్పారు, ప్లేటు మీద మ్యాట్రిక్స్ నంబరు (ఏ రికార్డింగో తెలిపే గుర్తు) ఎందుకలా ఉంది. కారులో ఆఫీసుకు వెళ్తూ నేను తిట్టుకునేవాణ్ణి, పాట వెయ్యి మహానుభావా అని. పార్కింగ్‌లో బండి ఆపాక మాత్రం దిగేవాణ్ణి కాదు.

నా ఉద్దేశం, తక్కువా ఎక్కువా కాదు సమస్య. షాప్ చెప్పిందంతా ఆ పాటలో వినపడే విషయమే. మాస్టారి తకిట తక కూడా అంతే. జాజ్ పుట్టుపూర్వోత్తరాలు, బానిసత్వం, న్యూ ఆర్లీన్స్ అంటూ వికీపీడియా చదివితే నేనైనా స్టేషన్ మార్చేస్తా.

షార్ట్‌వేవ్ తాత (ఒంగోలు)
ఎడిసన్ అబ్బాయి చెప్పినదానికి ఒప్పుకుంటాను. వినపడేదే చెప్పాలి. అయితే మాస్టారికి ఒక మనవి. జాజ్ మన రాగమే, మన తాళమే అని మాత్రం మైకులో అనొద్దని పెన్నాగట్టుకు చెప్పండి. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. దేన్ని మెచ్చుకోవాలన్నా ముందు దాన్ని మన చుట్టం చేసుకోవాలా?

మృదంగం మాస్టారు (కందుకూరు)
చుట్టం అనలేదండీ. కానీ దారులు కలిసిన చోట కలిశాయని చెప్పడంలో తప్పేముంది? కోల్ట్రేన్ 1961లో ఒక క్లబ్బులో 'ఇండియా' అని వాయించాడు, రెండేళ్లకు ఎల్పీలో వచ్చింది. కొడుక్కి రవిశంకర్ మీద అభిమానంతో రవి అని పేరు పెట్టుకున్నాడు. అటువైపు నుంచి చూస్తే, సాక్సోఫోన్ మీద కర్ణాటక సంగీతం పలికించే కద్రి గోపాలనాథ్ 1980లో బొంబాయి జాజ్ ఉత్సవంలో అమెరికా జాజ్ వాద్యకారుడు జాన్ హ్యాండీ పక్కన నిలబడి వాయించాడు. మన పాలకొల్లు శ్రీనివాస్ మాండలిన్ పట్టుకుని జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాగ్లిన్‌తో వేదికలెక్కాడు.

నా ఆశ ఒకటుంది. కోల్ట్రేన్ సొప్రానో సాక్సోఫోన్ పక్కన మన కరవది షేక్ చిన్న మౌలానా గారి నాదస్వరం వేయాలి. ఒంగోలు పక్క పల్లెలో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, అంతటివాడైన మనిషి. రెండింటిలోనూ ఊపిరి నాద రూపంలో వస్తుంది. ఏమీ చెప్పొద్దు. ఒకదాని వెనక ఒకటి వేసేయండి చాలు.

షార్ట్‌వేవ్ తాత (ఒంగోలు)
ఏమీ చెప్పకుండా అయితే నాకు అభ్యంతరం లేదు.

కావలి కుర్రోడు
మైల్స్ డేవిస్ 1959 ఎల్పీ వేస్తే స్పీడు సంగతి కూడా చెప్పన్నా. మొదటి వైపు రికార్డు చేసిన టేపు మెషీన్ కొంచెం నెమ్మదిగా తిరిగిందట. దాంతో ఎల్పీలో ఆ వైపు శ్రుతి కాస్త ఎక్కువ పలుకుతుంది. 1990ల్లో గానీ సరిచేయలేదు. ముప్పై ఏళ్లు ప్రపంచమంతా తప్పు శ్రుతికి కలిపి సాధన చేసింది. నీ పుల్లీ సంగతి చూస్తే నువ్వొక్కడివే కాదు.

పెన్నాగట్టు (నెల్లూరు)
మొదటి ప్రోగ్రాం అయిపోయింది. ఏం వేశానో చెప్తాను. ఆర్మ్‌స్ట్రాంగ్ 1928 'వెస్ట్ ఎండ్ బ్లూస్'తో మొదలుపెట్టాను. మొదట్లో ట్రంపెట్ ఒక్కటే, తాళం లేకుండా ఎక్కి దిగే ఆ కాస్త ముక్క అయ్యేదాకా నేను ఒక్క మాట మాట్లాడలేదు. ఆ తర్వాత బిట్రగుంట వెదర్‌ఫర్డ్. దాని చిటపటలు తీసేయకుండా అలాగే ఉంచాను, సాఫ్ట్‌వేర్‌తో తీస్తే పియానో కూడా చచ్చిపోతోంది. ఎల్లింగ్టన్ ఒకటి, మద్రాసు వచ్చాడని ఒకే వాక్యం. 'టేక్ ఫైవ్' ముందు తకిట తక నోటితో చెప్పి, చేత్తో బల్ల మీద వేశాను. చివర కోల్ట్రేన్, చిన్న మౌలానా. మధ్యలో గాలి కూడా ఆడలేదు.

స్టేషన్ ఆయన ముఖం తిప్పుకోలేదు, మెచ్చుకోనూ లేదు. వచ్చే వారం కూడా రమ్మన్నారు.

దర్గామిట్ట సిగ్నల్
రిసెప్షన్ రిపోర్టు: దర్గామిట్టలో క్లియర్. వేదాయపాళెంలో మా తమ్ముడికి బాగానే వచ్చింది. పెన్న దాటి కోవూరులో హిస్ ఉంది కానీ వినొచ్చు. వంద వాట్లకు ఇంతకంటే ఆశించకూడదు. నాదస్వరం మొదలవగానే మా అమ్మ వంటింట్లోంచి వచ్చి, ఇంతసేపూ ఏందిరా ఆ గోల, ఇప్పుడు పెట్టావు మంచిది అంది. ఆ గోల కోల్ట్రేన్‌ది.

పెన్నాగట్టు (నెల్లూరు)
అమ్మకు నమస్కారాలు చెప్పండి. స్టేషన్‌కు ఒక్క ఫోనే వచ్చింది. ముత్తుకూరు వైపు రొయ్యల చెరువు మీద రాత్రి కాపలా ఉండే ఆయన. ఏరేటర్ల మోతలో కూడా వింటున్నాడట. మ్యూజిక్ బాగుంది గానీ పాడేవాళ్లు ఎప్పుడొస్తారు సార్ అని అడిగాడు. అందుకని వచ్చే వారం బిల్లీ హాలిడే. 1937 నుంచి లెస్టర్ యంగ్ టెనర్ సాక్సోఫోన్ ఆమె వెనకాల వినిపించే రికార్డులు తీస్తున్నాను. ఆమె పాడటం ఆపగానే అతను ఎక్కడ అందుకుంటాడో, అది ఒక్కటే చెప్పాలనుకుంటున్నాను.

షార్ట్‌వేవ్ తాత (ఒంగోలు)
ఆమె పేరు, అతని పేరు, 1937. ఎక్కువ చెప్పకు నాయనా.

గెలాక్సీ (చీమకుర్తి)
రాయి కోశాం. బుధవారం మా లారీ కృష్ణపట్నం పోర్టుకు వెళ్తోంది, నెల్లూరు బైపాస్‌లో ఆపిస్తాను. పుల్లీ వచ్చిందా? కొలతలు పంపితే ఇక్కడి లేతు వర్కర్‌తో మాట్లాడతా.

పెన్నాగట్టు (నెల్లూరు)
పుల్లీ ఇంకా రాలేదు. కొలతలు రేపు పంపుతాను. రబ్బరు దిమ్మలు నాలుగా, మూడా?